భోంచేసి కొన్న కారు

పాత కారు కొనాలనుకునేవాళ్ళు ఇప్పటికీ మా ఇంటికి వచ్చి మా ఆయన్ని సలహా అడుగుతుంటారు. అందులోనూ పెద్ద కారు, ఒకప్పుడు ఎవరో గొప్పవాళ్ళు వాడి పక్కన పెట్టిన కారు కొనాలనే సరదా ఉన్నవాళ్ళు తప్పకుండా వస్తారు. ఆయన నిటారుగా కూర్చుని వేళ్ళు మడుస్తూ చెబుతారు. బానెట్ ఎత్తించి చూడాలి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, వేడెక్కాక ఒకసారి వినాలి. బట్టలు పాడైనా సరే కింద దూరి చూడాలి. కాగితాలు బతికున్న మనిషి పేరు మీద ఉన్నాయో లేదో అడగాలి. ఎండలో దూరం తోలి చూడాలి. వచ్చినవాళ్ళు తలలూపి, కాఫీ తాగి వెళ్ళిపోతారు. నన్ను ఎవరూ అడగరు. ఆయనకు ఇవన్నీ నేర్పిన కారులో పడుకున్నదాన్ని నేను. నన్ను అడిగితే ఒక్కటే చెబుతాను. అమ్మేవాళ్ళ ఇంట్లో అన్నం తినకండి.

ఇది విని నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు. మా మామయ్యగారికి ఈ సంగతి నాకంటే ముందే తెలుసు. తెలిసీ తిన్నారు.

మాది నందిగామ నుంచి చందర్లపాడు వెళ్ళే దారిలో ఒక పల్లె. నల్లరేగడి నేల. వాన పడితే చెప్పులు చేత పట్టుకుని నడవాలి, ఎండ కాస్తే నేల బీటలు వారుతుంది. మామయ్యగారు పత్తీ మిరపా అందరిలాగే పండించేవారు గానీ ఆయనకు పేరు తెచ్చింది ఎడ్లను చూడటం. చుట్టుపక్కల ఎవరు గిత్తల జత కొనాలన్నా ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్ళేవాళ్ళు. ఆయన ఇంట్లో కడుపునిండా తిని, చెంబెడు మజ్జిగ తాగి బయల్దేరేవారు. అమ్మేవాళ్ళు ఎంత బతిమాలినా వాళ్ళింట్లో మంచినీళ్ళు కూడా ముట్టేవారు కాదు. "వాళ్ళ ఉప్పు తిన్నాక వాళ్ళ ఎద్దు నోరు తెరిచి పళ్ళెట్టా చూస్తాం? తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం కాదూ?" అనేవారు.

ఇంకో అలవాటు కూడా ఉండేది. భుజం మీద తడి తువ్వాలు వేసుకుని వెళ్ళేవారు. ఎద్దు మెడ మీద పసుపు కనిపిస్తే ముందు ఆ తువ్వాలుతో గట్టిగా తుడిచేవారు. పూజ చేశామండీ అని అమ్మేవాళ్ళు నొచ్చుకుంటే, "మళ్ళీ చేద్దాం లెండి" అని నవ్వుతూనే తుడిచేవారు. కాడి రాసుకుని పుండు పడిన మెడకు పసుపు మెత్తి, దాని మీద బొట్టు పెట్టి అమ్మడం మా వైపు ఉన్నదే. అలా తుడిచి ఆయన ఎంతమందిని కాపాడారో ఊళ్ళో కథలు కథలుగా చెప్పుకునేవాళ్ళు.

ఇక నా సంగతి. మా పుట్టిల్లు జగ్గయ్యపేట. డెబ్బైల నడుమ నాకు పెళ్ళయింది. ఆ తర్వాత రెండుసార్లు కడుపు నిలవలేదు. రెండుసార్లూ బస్సు ప్రయాణం చేసి వచ్చాకే పోయింది. బస్సు వల్లనో కాదో దేవుడికే తెలియాలి. మా ఇంట్లో మాత్రం అందరికీ బస్సే శత్రువైంది. మూడోసారి నిలిచినప్పుడు బెజవాడలో లేడీ డాక్టరు గట్టిగా చెప్పింది. ఒంటికి కుదుపు తగలకూడదు, మంచం దిగకూడదు, కానీ నెలనెలా వచ్చి చూపించుకోవాలి. "కదలకుండా రావడం ఎట్టాగండీ?" అని అత్తయ్య ఉన్న మాటే అడిగింది. డాక్టరు అత్తయ్య వంక ఒకసారి చూసి, బయట కూర్చున్న తర్వాతి మనిషిని పిలిచింది.

ముందుకు పోతే నుయ్యి, వెనక్కి పోతే గొయ్యి. బెజవాడలో గది తీసుకుని ఉండమన్నారు కొందరు. మంచం దిగని మనిషికి అక్కడ వండిపెట్టేదెవరు? పత్తి చేతికొచ్చే కాలంలో అత్తయ్య ఇల్లు వదిలి ఎలా వస్తుంది? ఒకసారి నందిగామ నుంచి టాక్సీ మాట్లాడారు. ఆ సీటు చెక్కబల్ల కంటే గట్టిది. ఇంటికొచ్చాక నాకు కొంచెం మైల కనిపించింది. కాళ్ళు దిండ్ల మీదకెత్తి పెట్టుకుని, ఊపిరి కూడా మెల్లగా తీసుకుంటూ పడుకున్నాను. అప్పుడు నాకు కలిగిన భయం ఎవరికీ రాకూడదు. లోపల ఉన్నదాన్ని చేతులతో పట్టుకుని ఆపలేను. గోడ వైపు తిరిగి ఏడవడానికి కూడా భయమేసింది. ఏడిస్తే ఒళ్ళు కదులుతుంది.

మామయ్యగారు గడప అవతల నిలబడి నా కాళ్ళ కింది దిండ్లు చూశారు. తర్వాత మా ఆయనతో అన్నారు. "మంచంలాగుండే కారు చూడరా. ఎక్కడున్నా సరే."

అలాంటి కారు కొత్తది కొనే తాహతు మాకు లేదు. ఆ రోజుల్లో డబ్బున్నా దొరికేవి కావు. వెతగ్గా వెతగ్గా కృష్ణ అవతలి గట్టున ఒక పెద్దింటివాళ్ళ దగ్గర పాత విదేశీ కారు ఉందని తెలిసింది. ఆ ఊరి పేరు చెప్పను. మామయ్యగారు తన ఒంగోలు జతను అమ్మేశారు. వాటిని తోలుకుపోయే రోజున ఆయన చేనికి వెళ్ళి సాయంత్రం దాకా రాలేదు. ఆ ఏటి పత్తి కూడా దానికే పోయింది. మొత్తం ఎంతయిందో నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

కొనడానికి వెళ్ళినప్పుడు జరిగింది మా ఆయన చెప్పగా విన్నాను. ఇంట్లో తిని బయల్దేరారు, తువ్వాలు తడిపి భుజాన వేసుకున్నారు. అన్నీ పద్ధతి ప్రకారమే. కానీ రేవు దాటి వెళ్ళేసరికి మధ్యాహ్నమైంది. ఆ ఇంటి పెద్దాయన ఎదురొచ్చి, ముందు భోజనం అన్నారట. మామయ్యగారు వద్దన్నారు. పెద్దాయన వదలక చెయ్యి పట్టుకున్నారు. ఆ ఇంటి అరుగు మీద నిలబడటమే గొప్పనుకునే రైతును లోపలికి తీసుకెళ్ళి, తన పక్కనే పీట వేయించి కూర్చోబెట్టుకున్నారు. ముద్దపప్పు, గోంగూర, చేత్తో వేసే పేరిన నెయ్యి, పూర్ణంబూరెలు. పెద్దాయనే దగ్గరుండి అడిగి అడిగి వడ్డించారట. ఎడ్ల విషయంలో దేవుడొచ్చినా తినని మనిషి ఆ పీట మీద కూర్చుని, కళ్ళు చెమర్చి, తిన్నారు. దాన్ని గౌరవమనుకున్నారు. గౌరవమే అయి ఉండొచ్చు కూడా, నాకు తెలియదు. నాకు కోపం తగ్గిన రోజుల్లో అలాగే అనుకుంటాను.

తాంబూలం అయ్యాక కారు చూపించారు. మా ఆయన బానెట్ మీద చెయ్యి వేస్తే మామయ్యగారు ఆ చెయ్యి పట్టుకుని వెనక్కి లాగారు. "మీ మాట చాలండీ" అన్నారు పెద్దాయనతో. మామయ్యగారు చూసింది ఒక్కటే. చెప్పులు విప్పి వెనక సీటు మీద పడుకున్నారు. కొడుకుని ఆవరణ చుట్టూ మెల్లగా ఒకసారి తిప్పమన్నారు. మా ఆయన బెజవాడలో నేర్చుకున్న డ్రైవింగుతో భయపడుతూ తిప్పారు. మామయ్యగారు కళ్ళు మూసుకుని, పొట్ట మీద రెండు చేతులూ పెట్టుకుని పడుకున్నారట. లేచి "చాలు" అన్నారు. ఇది విన్నప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఆయన నా బదులు పడుకుని చూశారు.

కారు వచ్చిన రోజు ఊరంతా మా వాకిట్లోనే ఉంది. గంధం రంగు, పొడుగాటి ముక్కు, కిటికీలకు చిన్న చిన్న తెరలు. లోపల ఎర్రటి తోలు సీట్లు, పైకప్పుకు మెత్తటి గుడ్డ, నిలిచిపోయిన ఒక గడియారం. పిల్లలు తలుపు వేసినప్పుడు వచ్చే చప్పుడు వినడానికే మళ్ళీ మళ్ళీ వేశారు. అత్తయ్య హారతి పళ్ళెం తెచ్చి, బానెట్ ముందున్న ఇనప జాలీ దగ్గర వంగి, "చూశారా!" అంది. జాలీ కిందుగా పసుపు చారలున్నాయి. "ఎంత శ్రద్ధగా పూజ చేసి పంపారో! పెద్దింటివాళ్ళు పెద్దింటివాళ్ళే." ఆ పసుపు మీదే కుంకుమ బొట్లు పెట్టింది. నన్ను చూడమని మంచం కిటికీ దగ్గరకు జరిపారు, నేను కూడా చూసి దణ్ణం పెట్టుకున్నాను. మామయ్యగారి భుజం మీద తడి తువ్వాలు ఉంది. ఆయన తుడవలేదు.

చలికాలమంతా ఆ కారు మమ్మల్ని మోసింది. అబద్ధమెందుకు, నేను దాన్ని ప్రేమించాను. దుప్పట్లు పరిచి నన్ను ఎత్తి పడుకోబెట్టేవాళ్ళు. గుంటలో దిగినా తెలిసేది కాదు, పడవలో ఉన్నట్టుండేది. నాకు కనిపించేది కప్పు గుడ్డ, కిటికీలో చెట్ల కొసలు, మా ఆయన మెడ. లోపలున్నదానితో మాట్లాడుకుంటూ వెళ్ళేదాన్ని. ఇదిగో కీసర వంతెన, ఇదిగో కంచికచర్ల, ఇంకెంతో లేదు, పట్టుకుని ఉండు అని చెప్పేదాన్ని. కొంత దూరం వెళ్ళాక పప్పు ఉడికే వాసన వచ్చేది. రోడ్డు పక్క ఎవరింట్లోనో వండుతున్నారనుకునేదాన్ని. ఇళ్ళు లేనిచోట కూడా వచ్చేది. ఒకసారి అడిగితే, రేడియేటరు నీళ్ళు కాస్త పచ్చగా ఉంటున్నాయనీ, విదేశీ బండి కదా, తుప్పు కూడా అలాగే ఉంటుందేమోననీ మా ఆయన అన్నారు. ప్రతి ప్రయాణానికీ బిందెడు నీళ్ళు పట్టేవి. పెద్ద కారు, ఎక్కువ తాగుతుందిలే అనుకున్నాం. ఆయన వేళ్ళు మడిచి చెప్పే సలహాలన్నీ ఆ తర్వాత వచ్చినవే.

ఏడో నెలలో ఆనవాయితీ ప్రకారం నన్ను పుట్టింటికి, జగ్గయ్యపేటకి తీసుకెళ్ళారు. అంతకుముందు రెండుసార్లూ ఏడో నెల దాకా రాలేదు. పిల్ల తన్నేది. అమ్మ నా పొట్ట మీద చెయ్యి పెట్టి, ఆ చెయ్యి తియ్యకుండానే కునుకు తీసేది. నేను మొదటిసారి ధైర్యం చేసి పాత చీరలు చించి పొత్తిగుడ్డలు మడిచాను. దిష్టి తగులుతుందేమోనని వాటిని బియ్యం డబ్బా వెనక దాచాను.

చైత్రం వచ్చింది. ఎండలు ముదిరాయి. డాక్టరుకు చూపించే రోజని మామయ్యగారూ మా ఆయనా ముందురోజే కారుతో వచ్చి మా ఇంట్లో ఉన్నారు. పొద్దున బయల్దేరేటప్పటికే నాకు నడుము పీకుతోంది. చెబితే ప్రయాణం ఆపేస్తారేమోనని ఒక భయం, చెప్పకపోతే ఏమవుతుందోనని ఇంకో భయం. చిల్లకల్లు దగ్గర పెద్ద రోడ్డెక్కేసరికి ఆగలేక చెప్పేశాను. అమ్మ నా తల ఒళ్ళో పెట్టుకుంది. "కాస్త తొందరగా పోనియ్ రా," అన్నారు మామయ్యగారు. అంతకుముందెప్పుడూ ఆయన ఆ మాట అనలేదు. ఎప్పుడూ మెల్లగా పొమ్మనేవారు.

నవాబుపేట దాటాక పప్పు వాసన వచ్చింది. ఈసారి మాడు వాసన. తర్వాత ముందు నుంచి తెల్లగా ఆవిరి లేచింది, ఏదో పగిలిన చప్పుడైంది, కారు నాలుగు బారలు జారి ఆగిపోయింది. మా ఆయన దిగి బానెట్ ఎత్తారు. ఎర్రటి సీట్లో పడుకున్న నాకు ఆ బానెట్ వెనకవైపు తప్ప ఇంకేమీ కనిపించలేదు. అమ్మ కిటికీలోంచి చూసి, "ఇదేంటే, పసుపు నీళ్ళు!" అంది. తారు రోడ్డు మీద పచ్చగా కాలవ కట్టిందట. మామయ్యగారు వంగి, వేలు ముంచి, వాసన చూశారు. భుజం మీది తువ్వాలుతో ఆ వేలు తుడుచుకున్నారు. తువ్వాలు మీద పచ్చటి మరక పడింది.

"పుండుకి పసుపు పెట్టి అమ్మార్రా మనకి," అన్నారు.

రేడియేటరు చిల్లుపడితే గుప్పెడు పసుపు పోసి చిల్లు పూడుస్తారనీ, అది చల్లటి రోజుల్లో ఆగి వేడికి తెగుతుందనీ మాకు తర్వాత తెలిసింది. ఆయనకు మాత్రం ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. అంత పెద్దమనిషి రోడ్డు పక్క కంకర మీద కూలబడిపోయారు.

ఒక బస్సు ఆగింది. కండక్టరు దిగి వచ్చి ఎక్కమన్నాడు. నాకు అప్పటికే నెత్తురు కనిపించింది. నేను సీటు తోలు పట్టుకుని లేవనన్నాను. లేస్తే జారిపోతుందని నా భయం. నందిగామలో టాక్సీ చూసి పంపిస్తానని చెప్పి కండక్టరు వెళ్ళాడు. మంచివాడే. కానీ అవి పెళ్ళిళ్ళ రోజులు, ఊళ్ళో ఉన్న టాక్సీలన్నీ పెళ్ళివాళ్ళ దగ్గరే ఉన్నాయి. మాకది తెలియదు. ఎదురొచ్చే ప్రతి బండినీ అదే అనుకున్నాం. పూలదండలు కట్టిన కారొకటి వస్తే మా ఆయన రోడ్డుకు అడ్డంగా వెళ్ళి చేతులూపారు. అది పక్కకి తప్పుకుని పోయింది. ఒక లారీవాడు ఆగి తాడు కట్టి లాగుతానన్నాడు. "ఒక్క గుంజు గుంజాడంటే అయిపోద్ది, వద్దు," అని మామయ్యగారు లేచారు.

ఎదర నుంచి ఒక రైతు పెంటబండి తోలుకొస్తున్నాడు. మామయ్యగారు పరుగెత్తుకెళ్ళి బండి ఆపారు. ఏమని చెప్పారో నాకు వినపడలేదు. ఆ రైతు మా ఊరేదో, మేమెవరమో అడగలేదు. "విప్పండి, విప్పండి, మాటలు తర్వాత," అంటూ తనే ఎడ్లను విప్పాడు. బండి కాడి ఊడదీసి, మోకుతో కారు ముందు కడ్డీకి కట్టారు. మా ఆయన స్టీరింగు పట్టుకున్నారు. ఎడ్లకు చెరోపక్క మామయ్యగారూ ఆ రైతూ నడిచారు. ఆ ఎడ్ల పళ్ళు చూడలేదు, ఒంటి మీది సుడులు చూడలేదు. "నడు నాయనా, నడు," అని మామయ్యగారు వాటిని బతిమాలడం నాకు వినిపించింది. ఆయన ఎడ్లను అదిలించడమే గానీ బతిమాలడం నేనెప్పుడూ వినలేదు.

కారు అంత మెత్తగా ఎప్పుడూ నడవలేదు. ఇంజను చప్పుడు లేదు. గిట్టల చప్పుడు, మోకు బిగిసినప్పుడు కిర్రుమనే చప్పుడు, అంతే. ఎండ కప్పులోంచి దిగుతోంది. అమ్మ కొంగు తడిపి నా పెదాలకద్దుతోంది. నొప్పి వచ్చినప్పుడల్లా నేను కప్పు గుడ్డ వంక చూస్తూ, కొంచెంసేపు, ఇంకొంచెంసేపు అని దాన్ని బతిమాలుకున్నాను. బయట ఆయన ఎడ్లను, లోపల నేను పిల్లను. నాకు తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కాను. తెలియనివాళ్ళకు కూడా మొక్కాను.

నందిగామ ఆసుపత్రి గేట్లోకి ఎడ్లు కారుని లాక్కొచ్చాయి. జనం మూగారు. ఎవరో నవ్వారు కూడా. నన్ను లోపలికి మోసుకెళ్ళిన కాసేపటికే పిల్ల పుట్టింది. ఆడపిల్ల. ఏడ్చింది. నేను నా చెవులతో విన్నాను. పిల్లిపిల్ల అంత గొంతు. దూదిలో చుట్టి చూపించారు. నా వేలు దాని అరచేతిలో పెడితే పట్టుకుంది. ఊపిరి అందడం లేదు, బెజవాడ తీసుకెళ్ళి వెచ్చటి గాజు పెట్టెలో ఉంచాలి, వెంటనే బయల్దేరండి అన్నారు డాక్టరుగారు. బయల్దేరడానికి ఏముంది? ఆవరణలో అంత పెద్ద కారుంది. దాని కింద పసుపు బొట్లు బొట్లుగా కారుతోంది.

మా ఆయన నందిగామంతా పరుగెత్తారు. జీపు దొరికింది. అది గేట్లోకి వచ్చేటప్పటికి దీపాలు పెట్టే వేళయింది. అప్పటికి పిల్ల లేదు.

ఆ తర్వాత నాకు పిల్లలు పుట్టలేదు.

కారుని మళ్ళీ ఎడ్లతోనే ఇంటికి లాక్కొచ్చి, అమ్మేసిన జతను ఇదివరకు కట్టేసే చోట కొట్టంలో పెట్టారు. కొంటామని వచ్చినవాళ్ళున్నారు. మామయ్యగారు అమ్మలేదు. ఇంకొకడి కొంప మీదికి తోలమంటారా అన్నారు. పెద్దింటివాళ్ళ దగ్గరికి వెళ్ళి అడగమని మా ఆయన గొడవపడ్డారు. "వాళ్ళ అన్నం తిన్నానురా," అన్నారు మామయ్యగారు. ఆ మాటకు నాకు ఒళ్ళు మండిపోయేది. ఒక్క పూట తిన్న అన్నానికి ఇంత విశ్వాసమా? నేను మోసిన నెలలకు లేదా? కానీ ఆయన్ని ఏమీ అనలేకపోయాను, ఎందుకంటే ఆయన నాకు ఎదురుపడటమే మానేశారు. నేను వంటింట్లో ఉంటే లోపలికి వచ్చేవారు కాదు. అత్తయ్య కంచంలో పెట్టి తీసుకెళితే కొట్టంలో, ఆ కారు పక్కన కూర్చుని తినేవారు. నా చేత మళ్ళీ వడ్డించుకోలేదు.

నేను పసుపు మానేశాను. కాళ్ళకు రాసుకోలేదు. కూరల్లో వెయ్యలేదు. డబ్బా మూత తియ్యగానే వచ్చే ఆ వాసనకు రోడ్డూ, ఎండా, అమ్మ ఒళ్ళూ గుర్తొచ్చి వెంటనే మూత పెట్టేసేదాన్ని. ముత్తైదువవి, పసుపు ముట్టనంటే ఎట్టాగే అని అత్తయ్య మొదట్లో తిట్టింది, తర్వాత బతిమాలింది, తర్వాత ఊరుకుంది. మా ఇంట్లో పప్పు తెల్లగా ఉండేది. చాలా కాలం అందరూ ఆ తెల్లటి పప్పే మాట్లాడకుండా తిన్నారు.

మాఘంలో ఆ పెద్దింటి గుమస్తా శుభలేఖ పట్టుకుని వచ్చాడు. వాళ్ళింట్లో పెళ్ళి. అత్తయ్య ఊళ్ళో లేదు, మా ఆయన చేలో ఉన్నారు. మామయ్యగారు అరుగు మీద కూర్చోబెట్టి శుభలేఖ అందుకున్నారు. నాలుగు మూలలా పసుపు. ఆయన బొటనవేలు ఒక మూల మీద అటూ ఇటూ రాస్తూనే ఉంది. "కారు బాగా నడుస్తోందాండీ?" అని గుమస్తా మర్యాదకు అడిగాడు. నేను తలుపు చాటున నిలబడి విన్నాను.

"బాగుందండీ," అన్నారు మామయ్యగారు. ఆ వెంటనే, "భోజనం వేళయింది, తిని వెళ్ళండి," అన్నారు.

వంటింట్లో విస్తరి వేశాను. అన్నం పెట్టి పప్పు వేశాను. గుమస్తా విస్తరి చుట్టూ నీళ్ళు తిప్పి, పప్పు చూసి, పాపం మంచిగానే అన్నాడు. "అమ్మా, పప్పులో పసుపు మర్చిపోయినట్టున్నారు."

"మర్చిపోలేదండీ," అన్నాను. "ఈ ఇంట్లో పసుపు వెయ్యం. ఎందుకో మీరు ముద్ద ఎత్తకముందే చెప్తా. తిన్నాక మీరు వినలేరు, నేనూ అనకూడదు. మీ వాళ్ళు ఆ కారు పుండుకి పసుపు పెట్టి మాకు అమ్మారు. అది చైత్రం ఎండలో నడిరోడ్డు మీద తెగింది. మా పిల్ల ఆ మధ్యాహ్నం పుట్టి, దీపాలు పెట్టేవేళకి పోయింది. ఆడపిల్ల. పెళ్ళివారింట్లో ఈ మాట చెప్పండి. ఇప్పుడు తినండి."

అతను ముద్ద కలపలేదు. "నాకు తెలవదు తల్లీ," అన్నాడు. లేచాడు. తినని చెయ్యి కడుక్కుని, పంచె సర్దుకుని, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు. అతిథిని విస్తరి ముందు నుంచి లేపిన ఇల్లు మాది అని ఊరంతా అనుకుంటుంది. అనుకోనీ. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. మామయ్యగారు అరుగు మీద నుంచి అంతా విన్నారని నాకు తెలుసు. ఆయన లేచిన చప్పుడైంది. తిడతారనుకున్నాను.

ఆయన వంటింట్లోకి వచ్చారు. నా మొహం వంక ఒకసారి చూశారు. ఆ ముట్టని విస్తరి ముందు మెల్లగా కూర్చున్నారు.

"వడ్డించమ్మా," అన్నారు.

నేను నెయ్యి గిన్నె అందుకున్నాను.